సాక్సులు తొడిగిన ఫైర్ స్టేషన్

జిల్లా అగ్నిమాపక అధికారి విశ్వంభరరావు గారు తన కొత్త ఇంటి గ్యారేజీ నేలకి తానే స్వయంగా ఎపాక్సీ పూత వేసుకోకపోయి ఉంటే, పైడితల్లి ఇడ్లీ పాక ఇవాళ్టికీ నిలిచి ఉండేది.

వేసుకున్నారు సరే, పాడయినా బాగుండేది. బాగా వచ్చింది! అదే కొంప ముంచింది. వీడియోలు చూసి, సెలవు పెట్టి, సిమెంటు నేలని యాసిడ్‌తో కడిగి, ఆరబెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ ఆ మూల నుంచి ఈ మూల దాకా రోలరు లాగారు. తెల్లారేసరికి నేలలో ముఖం కనిపించింది. అది తన ముఖమే కావడంతో ఆయనకి మరీ నచ్చింది. చుట్టాలు చెప్పులు విప్పి, వరసలో వచ్చి చూసి, అబ్బా అని వెళ్ళారు. వేడి టైరు ఎక్కితే పూత ఊడి వస్తుందని డబ్బా మీద రాసి ఉంది కాబట్టి కారుని మాత్రం వీధిలో పెట్టుకున్నారు. వీధిలో ఎవడో దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి గీకిపోయాడు. ఆయన చింతించలేదు. కారు పోతే పోయింది, గ్యారేజీ బాగుంది కదా.

ఇంతటి ఆనందం తనొక్కడే అనుభవించడం అన్యాయమని ఆయనకి తోచింది. చేతిలో అధికారం ఉన్నవాడికి ఇలాంటివి తోచకూడదు. తోస్తే పథకం పుడుతుంది. పుట్టింది. దాని పేరు 'మన నేల - మన చేయి'.

ఆ సర్క్యులరు జీడివలస ఫైర్ స్టేషనుకి ఎండలు ముదిరే రోజుల్లో వచ్చింది. స్టేషను ఆఫీసరు చక్రధర్ పట్నాయక్ గారు సిబ్బందినంతా గ్యారేజీలో నిలబెట్టి, గొంతు సవరించుకుని చదివారు.

"అగ్నిమాపక శాఖ ప్రతిష్ఠ మంటలు ఆర్పుటయందు మాత్రమే గాక, మంటలు లేని సమయమున మెరయుటయందు కూడా గలదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ప్రతి స్టేషను తన గ్యారేజీ నేలకు సిబ్బంది స్వహస్తములతో ఎపాక్సీ పూత వేసుకొనవలెను. కంట్రాక్టరును పిలువరాదు. మేస్త్రీని సంప్రదించరాదు. సందేహములున్నచో వీడియో చూడవలెను."

వెనక వరసలోంచి డ్రైవరు దాలినాయుడు చెయ్యెత్తాడు.

"సార్, మరి బండెక్కడ పెట్టాలండి?"

పట్నాయక్ గారు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు. "ఆ సంగతి సర్క్యులర్లో లేదోయ్."

"లేదంటే ఏటి సేయాలండి?"

"లేదంటే, ఆ సమస్య లేదన్నమాట."

లేని సమస్య గ్యారేజీ నిండా ఎర్రగా నిలబడి ఉంది. దాలినాయుడు దాన్ని ఎర్రమ్మ అంటాడు. ఏటా దసరాకి బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, బూడిదగుమ్మడికాయ కొట్టి మరీ బయటికి తీస్తాడు. పాతదే గానీ మొండిది. పిలిస్తే పలికేది.

ఈ సంగతి దాలినాయుడి కంటే వాడి అప్ప పైడితల్లికి బాగా తెలుసు. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇడ్లీలమ్మి వాడికి డ్రైవింగు నేర్పించిందీ ఆవిడే. మొదట్లో ఆవిడ పాక బజారులో ఉండేది. తాటాకు పాక, పొయ్యిలోకి జీడిపిక్కల తొక్కలు. జీడివలసలో కట్టెలకంటే తొక్కలే చవగ్గా దొరుకుతాయి. కాకపోతే వాటిలో నూనె ఉంటుంది, పొయ్యిలో పడగానే చిటపటమని నిప్పురవ్వలు పైకెగురుతాయి. ఓ వేసవిలో ఆ పాక అంటుకుని బుగ్గయిపోయింది. అప్పుడావిడ మూటా ముల్లే సర్దుకుని వచ్చి, సరిగ్గా ఫైర్ స్టేషనుకి ఎదురుగా, రోడ్డుకి అవతల పాక వేసుకుంది.

"నా తమ్ముడి బండి ఎదురుగుంది. నాకేటి బయ్యం?" అనేది వచ్చినవాళ్ళందరితో.

అనడమే కాదు, అలాగే జరిగేది కూడా. ఎండాకాలంలో అప్పుడప్పుడూ రవ్వ ఎగిరి తాటాకు మీద పడేది. "ఒరే దాలీ!" అని ఒక్క కేక. దాలినాయుడు బండిని గుమ్మం దాకా తెచ్చి, పైపు తిప్పి, రోడ్డు మీదుగానే బుస్సున కొట్టేవాడు. ఆ తర్వాత సిబ్బందంతా వెళ్ళి అక్కడే టీ తాగేవారు. తడిసిన ఇడ్లీలని పైడితల్లి వాళ్ళకే పెట్టేది.

అందుకే ఆ సాయంత్రం వాడు బండిని స్టార్టు చేసి రోడ్డెక్కిస్తుంటే ఆవిడ గరిటె పట్టుకుని ఎదురొచ్చింది.

"ఎక్కడికిరా? ఎక్కడంటుకుంది?"

"ఎక్కడా అంటుకోలేదప్పా. నేలకి రంగేస్తన్నాం. బండిని పశువుల సంత కాడ పెట్టమన్నారు."

"ఊరి సివర సంతా? మరి నా పాకో?"

"నాలుగు రోజులేనే. నాను లేనా ఇక్కడ?"

"నువ్వుంటే ఏటి లాభం? నీ నోట్లో నీళ్ళున్నాయేటి?"

దాలినాయుడు నవ్వేసి గేరు మార్చాడు.

*

పథకం ప్రారంభోత్సవానికి విశ్వంభరరావు గారే స్వయంగా వచ్చారు. స్టేషను ముందు షామియానా, మైకు, కుర్చీలు. యాసిడ్‌తో కడిగిన నేల తెల్లగా పొడి పొడిగా ఉంది. గుమ్మం మధ్యలో పీట, పీట మీద బకెట్టు.

ఎపాక్సీ రెండు డబ్బాల్లో వస్తుంది. ఒకదానిలో చిక్కటి ద్రవం, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే మందు. రెండూ కలిపాక మరి ఆగకూడదు, గబగబా నేలమీద పోసి లాగెయ్యాలి. బకెట్లోనే ఉంచితే అది బకెట్లోనే వేడెక్కి, బకెట్లోనే గడ్డకట్టి కూర్చుంటుంది. ఇదంతా డబ్బా మీద అచ్చేసి ఉంది. కానీ పెద్దాయన వచ్చాక కలుపుతూ కూర్చుంటే బాగుండదని పట్నాయక్ గారు ముందే రెండు డబ్బాలూ పూర్తిగా బకెట్లో గుమ్మరించి, చక్కగా తిప్పి, పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసి ఉంచారు. పెద్దాయన చెయ్యాల్సిందల్లా రోలరు ముంచి లాగడమే.

ముందు కొబ్బరికాయ కొట్టారు. తర్వాత హారతి. తర్వాత శాలువా. తర్వాత పట్నాయక్ గారి స్వాగత వచనాలు. తర్వాత విశ్వంభరరావు గారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా! నేల అనేది ఏమిటి? పునాది. పునాది అనేది ఏమిటి? వ్యవస్థ. నేడు మనం పూత వేస్తున్నది నేలకు కాదు, వ్యవస్థకు..."

వ్యవస్థ బకెట్లోంచి సన్నగా పొగ రావడం మొదలైంది.

దాలినాయుడు చూశాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. పక్కవాడూ చూశాడు. వరసలో అందరూ మంటలార్పడంలో శిక్షణ పొందినవాళ్ళే, పొగ కనిపిస్తే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. అయితే జిల్లా అధికారి ప్రసంగిస్తుండగా పొగ వస్తే ఏం చెయ్యాలో ఏ శిక్షణలోనూ చెప్పలేదు. అంతా అటెన్షన్లో నిలబడి పొగని గౌరవంగా చూస్తూ ఉండిపోయారు. బంతిపూలు వాడి గోధుమరంగుకి తిరిగాయి.

రోడ్డవతలి నుంచి పైడితల్లి బిందె నిండా నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది. "బాబూ, పొగొస్తంది! పోసీమంటారా?"

విశ్వంభరరావు గారు మైకులోనే అరిచారు. "నీళ్ళా! వద్దు వద్దు! నేలకి తేమ తగలకూడదు! ఎవరీవిడ? బయటికి పంపండి!"

ఆవిడ బిందె చంకనెత్తుకుని, తమ్ముడి వైపు ఓ చూపు చూసి వెళ్ళిపోయింది.

ప్రసంగం పూర్తయింది, చప్పట్లు మోగాయి. విశ్వంభరరావు గారు చొక్కా చేతులు పైకి మడిచి, రోలరు పట్టుకుని పైకెత్తారు. రోలరుతో పాటు బకెట్టు, బకెట్టుతో పాటు పీట కూడా లేచాయి. ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. ఆ ఫోటో ఇప్పటికీ స్టేషను గోడ మీద ఉంది. కింద 'పట్టుదల' అని రాసి ఉంటుంది.

*

రెండో విడత డబ్బాలు వచ్చాయి. ఈసారి ప్రసంగాలు లేవు, ఫోటో మాత్రం తప్పదు. ఫోటో గుమ్మం దగ్గర వెలుతురులో బాగా వస్తుంది కాబట్టి పూత గుమ్మం దగ్గరే మొదలుపెట్టమన్నారు పట్నాయక్ గారు. ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడిచి, సిబ్బంది అందరూ వరసగా రోలర్లు లాగుతూ గుమ్మం నుంచి లోపలికి, లోపలి నుంచి ఇంకా లోపలికి వెళ్ళారు. ఎవరూ వెనక్కి చూడలేదు. ఎంత శ్రద్ధగా లాగారంటే, వీపులు వెనక గోడకి తగిలాక గానీ తలెత్తలేదు.

అప్పుడు చూశారు. వాళ్ళకీ గుమ్మానికీ మధ్య గ్యారేజీ పొడవునా తడి తడిగా, నిగనిగలాడుతూ నేల.

పట్నాయక్ గారు గుమ్మంలోంచి అరిచారు. "కదలకండి! అడుగు పడిందంటే మెమో ఇస్తాను!"

గోడ వార చిన్న అరుగు ఉంది. దాని మీద మంటలార్పే సిలిండర్లు, ఇసుక బకెట్లు, కుళాయి. వాటి పక్కన సిబ్బంది కూడా సామానులాగే సర్దుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం ఎక్కడో గడ్డివాము తగలబడుతోందని ఫోను మోగింది. ఫోను ముందుగదిలో ఉంది, ఎత్తేవాళ్ళు వెనక గోడ దగ్గరున్నారు. పట్నాయక్ గారు నేలకి కాపలా ఉన్నారు. ఫోను మోగి మోగి అదే ఆగింది. గడ్డివాము కూడా అదే ఆరిపోయి ఉంటుందని సాయంత్రం నివేదిక పంపారు.

పైడితల్లి వెనకవైపు కిటికీలోంచి ఇడ్లీ పొట్లాలు విసిరింది. "ఏట్రా దాలీ, ఊరి మంటలార్పేవోడివి, నిన్నెవలార్పుతారు?" అని నవ్వింది.

దాలినాయుడు నవ్వలేదు. వాడు నేలలోకి చూస్తున్నాడు. అందులో వాడి మీసం కనిపిస్తోంది. ఇన్నేళ్ళ సర్వీసులో డీజిలు మరకలు, బురద, గ్రీజు తప్ప ఏమీ చూడని వాడికి, తన చేత్తో తాను వేసిన నేలలో తన మీసం అంత ఒత్తుగా కనిపించడం ఇదే మొదలు. వెధవ మోజు అక్కడ పట్టుకుంది.

పట్టుకున్న మోజుకి పదవి కూడా తోడైంది. బండి సంతలో ఉంది కాబట్టి డ్రైవరుకి పని లేదు. పని లేనివాడికి పని పెట్టకపోతే ఆడిటు వాళ్ళు అడుగుతారు. అందుకని వాణ్ణి 'నేల సంరక్షకుడు'గా నియమించి, చొక్కాకి బిళ్ళ తగిలించారు. గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ బూట్లు విప్పించి, సాక్సులు తొడిగించి లోపలికి వదలడం వాడి పని.

నాలుగు రోజులన్నది నెల దాటింది. పూత గట్టిపడింది, కానీ రాష్ట్ర స్థాయి పరిశీలక బృందం వచ్చి చూసేదాకా టైరు పడరాదని మరో సర్క్యులరు వచ్చింది. ఆ పై వారం, నేల మీద నీడ పడితే మెరుపు తగ్గుతుందేమో పరిశీలించవలసిందిగా ఇంకోటి వచ్చింది. పట్నాయక్ గారు పరిశీలించి, గుమ్మం ముందున్న వేపచెట్టు కొమ్మలు కొట్టించారు. సంతలో ఎర్రమ్మ బంపరుకి బేరగాళ్ళు దూడల్ని కట్టేస్తున్నారు. దాలినాయుడు పొద్దున్నే వెళ్ళి దూడల్ని విప్పి, ఇంజను ఓసారి తిప్పి, బిళ్ళ సరిచేసుకుని నేల దగ్గరికి పరిగెత్తుకొచ్చేవాడు.

ఓ ఉదయం పైడితల్లి ఎప్పటిలా టీ గ్లాసులు పట్టుకుని చరచరా లోపలికొచ్చేసింది.

"అప్పా! ఆగక్కడ! కాళ్ళు!"

ఆవిడ ఆగి తన కాళ్ళ వంక చూసుకుంది. రోడ్డు దుమ్ము, పొయ్యి మసి. "ఏటయినాది నా కాళ్ళకి?"

"సాక్సులు తొడుక్కుని రా. లేపోతే అక్కడే పెట్టీ. మచ్చలు పడతాయి."

"నిన్ను సంకనేసుకుని ఊరంతా తిరిగిన కాళ్ళురా ఇయ్యి."

"రూలప్పా, నాను పెట్టిందేటి?"

ఆవిడ గ్లాసులు గుమ్మం బయట గట్టు మీద పెట్టింది. వెళ్తూ వెళ్తూ, "నేలని ఇంత బాగా సూసుకుంతన్నావు. నా పాక మీద కూడా కూసింత కన్నేసి ఉంచరా," అంది. దాలినాయుడు సరే సరే అని, ఆవిడ నిలబడ్డ చోట మెత్తటి గుడ్డతో తుడిచాడు.

*

పరిశీలక బృందం వచ్చే రోజు రానే వచ్చింది. అది సంత రోజు కూడా. బృందానికి ఉప్మా, ఇడ్లీ, గారెలు చెయ్యమని పట్నాయక్ గారు పైడితల్లికి ఆర్డరిచ్చారు. ఒక్క పొయ్యి చాలక ఆవిడ రెండోది వెలిగించింది. గారెల మూకుడు కింద మంట పెద్దగా ఉండాలి కదా, జీడితొక్కలు చేటలకి చేటలు ఎత్తి పోసింది. ఎండ ఫెళ్ళున కాస్తోంది. సముద్రం వైపు నుంచి గాలి లేచింది.

పట్నాయక్ గారు గుమ్మంలో నిలబడి సిబ్బందికి ఆఖరి సూచనలిస్తున్నారు. "బృందం నాయకులు వంగి చూసుకుంటారు. ఆయన వంగినప్పుడు నేలలో ఆయన ముఖం తప్ప ఇంకెవరి ముఖమూ కనపడకూడదు."

అప్పుడు రోడ్డవతలి నుంచి కేక వచ్చింది.

"ఒరే దాలీ! అంటుకుందిరా! బండి తే!"

దాలినాయుడు తల తిప్పాడు. పాక కప్పు మీద ఓ మూల నుంచి మంట నాలుకలు చాస్తోంది. ఏళ్ళ తరబడి అలవాటు పడ్డ కాళ్ళు వాణ్ణి గ్యారేజీ వైపే లాక్కెళ్ళాయి. లోపల బండి లేదు. నిగనిగలాడే నేల, అందులో తలకిందులుగా తన ముఖం, వెనక గోడ వార అరుగు మీద వరసగా సిలిండర్లు.

సిబ్బంది అంతా ఆ సిలిండర్ల వైపు దూకారు. పట్నాయక్ గారు రెండు చేతులూ చాచి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"సాక్సులు!"

"సార్, అక్కడ పాక..."

"పాక ఎక్కడికీ పోదు. బృందం ఊళ్ళోకొచ్చేసింది. నెల రోజుల శ్రమయ్యా! అత్యవసర పరిస్థితుల్లోనే క్రమశిక్షణ బయటపడేది. బూట్లు విప్పండి!"

ఇక్కడే చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పని జరిగింది. అందరూ కూర్చుని బూట్లు విప్పారు. అందరితో పాటు దాలినాయుడూ విప్పాడు. అప్ప కొంప తగలబడిపోతుంటే వాడి వేళ్ళు బూటు తాళ్ళ ముడి వెతుక్కున్నాయి. కుడికాలి బూటు తీసి పక్కన బుద్ధిగా పెట్టి, సాక్సుల పెట్టెలో చెయ్యి పెట్టాడు కూడా. ఆ చేతికి మెత్తగా సాక్సు తగిలాక గానీ ఒంట్లోకి తెలివి రాలేదు. ఛీ అని దాన్ని విసిరికొట్టి, ఒంటి బూటుతో సంత వైపు లగెత్తాడు.

మిగతావాళ్ళు సాక్సులతో ఎపాక్సీ మీద పరిగెత్తారు. మొదటివాడు జారి పడ్డాడు. రెండోవాడు వాడి మీద పడ్డాడు. మూడోవాడు పడలేదు గానీ ఆగలేకపోయాడు, వెనక గోడకి కొట్టుకుని సిలిండరుతో సహా కిందికి జారాడు. లేవబోయినవాళ్ళు మళ్ళీ జారారు, ఒక్క సిలిండరూ గుమ్మం దాటలేదు. సిలిండరు కింద పడి నేలకి చొట్ట పడుతుందేమోనని పట్నాయక్ గారు "అయ్యో అయ్యో" అని గుండెలు బాదుకున్నారు. అవతల పైడితల్లి ఒక్కతే బిందెతో, పప్పు కడిగిన నీళ్ళతో, ఆఖరికి సాంబారుతో మంటని కొడుతోంది.

సంతలో ఎర్రమ్మ చుట్టూ ఎడ్లు, ఆవులు, బేరగాళ్ళు. దాలినాయుడు దూడల పలుపులు తెంపి, హారను మీద చెయ్యి తియ్యకుండా బండిని దూకించాడు. ఎడ్లు హారనుకి దారివ్వవు కదా. తోకలాడిస్తూ, తీరిగ్గా నడిచి, అడ్డం తిరిగి చూశాయి. కేకలు వేశాడు, బతిమాలాడు, ఏడ్చాడు.

వాడు ఫైర్ స్టేషను ముందుకి వచ్చేసరికి ఆర్పడానికేమీ మిగల్లేదు. నల్లటి బూడిద, అందులో సొట్టపోయిన ఇడ్లీ పాత్ర. పైపు లాగి ఆ బూడిద మీదే నీళ్ళు కొట్టాడు. కొట్టాలి కదా. బూడిద తడిసి బురదయింది.

పైడితల్లి రోడ్డు వార నిలబడి ఉంది. ఒంటికేమీ కాలేదు, చీర అంచు మాడింది. చేతిలో గరిటె. తమ్ముడి ఒంటి బూటు వైపు చూసింది, గుమ్మం పక్కన బుద్ధిగా కూర్చుని ఉన్న రెండో బూటు వైపు చూసింది.

"ఇప్పుడొచ్చినావేటిరా," అంది.

తిట్టినా బాగుండునని దాలినాయుడికి అనిపించింది.

*

బృందం కార్లు అప్పుడే వచ్చి ఆగాయి. విశ్వంభరరావు గారు ముందు దిగి, బృందం నాయకుడికి తలుపు తీశారు.

"ఈ పొగేమిటి?" అన్నారు నాయకుడు ముక్కు మూసుకుని.

పట్నాయక్ గారు సెల్యూటు కొట్టారు. "స్థానికంగా చిన్న వంట కార్యక్రమం సార్. తమరి టిఫినుకే."

"టిఫినేదీ?"

"కొద్దిగా జాప్యం సార్."

బృందం సాక్సులు తొడుక్కుని నేల చూసింది. వంగి చూసింది. గోలీ దొర్లించి చూసింది. నాయకుడు తన ముఖం చూసుకుని క్రాపు సరిచేసుకున్నారు. ఇంత నిష్కళంకమైన గ్యారేజీని తమ సర్వీసులో చూడలేదని, ఇందులో వాహనం పెట్టాలన్న ఆలోచనే అపచారమని అన్నారు. బయటికొచ్చి రోడ్డు మీదున్న ఎర్రమ్మని చూసి మాత్రం ముఖం చిట్లించారు.

"ఈ బండి ఇలా రోడ్డు మీద ఉండటం శోభగా లేదు. ఎదురుగా ఆ జాగా ఖాళీగానే ఉందిగా? దాన్ని వాహనానికి శాశ్వత ప్రాతిపదికన కేటాయించండి."

"ఇవాళే ఖాళీ అయింది సార్," అన్నారు విశ్వంభరరావు గారు సంబరంగా. "దానికీ పూత వేయిద్దాం. స్వహస్తాలతో!"

పైడితల్లి ఆ మాట విన్నది. దాలినాయుడూ విన్నాడు.

వాడు ఎర్రమ్మ ఎక్కి కూర్చుని స్టార్టు చేశాడు. బండిని కాస్త ముందుకు తీసి, ఆ తడి బూడిదలో చక్రాలు నాలుగూ ఒకసారి దొర్లించి, ఆపైన రివర్సు వేశాడు. సంత నుంచి పరుగున వచ్చి కాగిపోయిన టైర్లు, వాటికి బూడిద బురద. ఎర్రమ్మ రోడ్డు దాటి, గట్టెక్కి, చేతులు చాచి అడ్డొచ్చిన పట్నాయక్ గారిని పక్కకి దూకించి దర్జాగా గ్యారేజీలోకి వెళ్ళింది. రాష్ట్ర స్థాయి నేల మీద గుమ్మం నుంచి వెనక గోడ దాకా రెండు నల్లటి చారలు. అక్కడక్కడా పూత టైరుకి అంటుకుని చపాతీలా లేచి వచ్చింది.

దాలినాయుడు బిళ్ళ ఊడబీకి సీటు మీద పడేసి కిందికి దిగాడు. ఒంటి బూటు కాలుతోనూ, మట్టికాలుతోనూ నేల మీద నడుచుకుంటూ బయటికొచ్చాడు.

"బండిని దాని సోట్లో పెట్టాను సార్."

విశ్వంభరరావు గారికి చెమట పట్టింది. బృందం నాయకుడు ఆ చారల వంక చాలాసేపు చూశారు. వంగి చూశారు. లేచి అడిగారు.

"ఇది ఎవరి ఆలోచన?"

పొగుడుతున్నారో, ఉరి వెయ్యబోతున్నారో పట్నాయక్ గారికి అంతుపట్టక అటూ ఇటూ తలూపారు. విశ్వంభరరావు గారు మాత్రం ఊరికే జిల్లా అధికారి కాలేదు. నాయకుడి కళ్ళలో మెరుపుని ఒక్క క్షణంలో చదివేశారు.

"నాదే సార్. వాహన మార్గ సూచికలు. డ్రైవరు బండిని తిన్నగా వెనక్కి తేవడానికి."

"అద్భుతం! మిగతా ఏ స్టేషనులోనూ లేవే?"

"లేవు సార్. మాదే మొదలు."

జీడివలసకి ప్రథమ బహుమతి వచ్చింది. విశ్వంభరరావు గారికి పదోన్నతి వచ్చింది. దాలినాయుడికి, నేలని పాడుచేసినందుకు మెమో, నేలని తీర్చిదిద్దినందుకు ప్రశంసాపత్రం ఒకే కవరులో వచ్చాయి. రెండింటి మీదా అవే సంతకాలు. ఆ వెనకే రాష్ట్రంలోని స్టేషన్లన్నిటికీ సర్క్యులరు వెళ్ళింది. 'ప్రతి గ్యారేజీ నేలపై రెండు నల్లని మార్గ సూచికలను సిబ్బంది స్వహస్తములతో ఏర్పరచవలెను. కృత్రిమ రంగులు వాడరాదు. అవసరమగు బూడిదను స్థానికముగా సమకూర్చుకొనవలెను.'

టైరు తగిలితే మార్గ సూచికలు చెరిగిపోతాయి కాబట్టీ, ఎదుటి జాగాకి ఇంకా పూత పడలేదు కాబట్టీ ఎర్రమ్మని మళ్ళీ సంతకి పంపించేశారు.

పైడితల్లికి ఊళ్ళోవాళ్ళు తాటాకులిచ్చారు, వాసాలిచ్చారు. పాక ఎక్కడ వేసుకుంటావంటే ఆవిడ ఫైర్ స్టేషను వైపు చూడను కూడా లేదు. తిన్నగా పశువుల సంతకి వెళ్ళి, ఎర్రమ్మ బంపరు పక్కన రాటలు పాతింది. దాలినాయుడు ఆ బండి దగ్గరే ఉంటాడిప్పుడు. పగలూ రాత్రీ బూట్లు విప్పడు. అప్ప పెట్టినంత పెడుతుంది, అడిగినంత మాట్లాడుతుంది. మునుపటిలా ఒరే దాలీ అని నవ్వడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

వానాకాలం ముందు పట్నాయక్ గారు గోనెసంచి పట్టుకుని అక్కడికొచ్చారు. నేల మీద చారలు వెలిసిపోయాయట, మంత్రిగారు వస్తున్నారట.

"పైడితల్లీ, కాస్త బూడిద కావాలి. మీ పొయ్యిలోది ఇవ్వమ్మా. ఫస్టుక్లాసు నల్లటిది ఉండాలి."

ఆవిడ గారెలు తిప్పుతూ తలెత్తకుండానే చెప్పింది.

"పొయ్యిలోది తెల్లగా ఉంటాది బాబూ. మీకు కావలసిన నల్లటిది పొయ్యిలో అవదు. ఎవలి కొంపయినా అంటుకునేదాకా ఆగండి. అంటుకున్నాక మీరు కూకుని నిదానంగా సాక్సులు తొడుక్కోండి. మీకు సాలినంత అయిపోద్ది."